నాన్న కోసం కోసిన సైలెన్సర్

స్టర్జిస్,
జూన్ మొదటి వారం

ప్రియమైన వెర్నా అక్కకి,

తమ్ముడు ఆరిన్ రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మిల్వాకీలో నువ్వూ, నీ ఇంజన్ల షాపూ క్షేమమని తలుస్తాను.

చెవులు పోయినప్పటి నుంచి నాన్న షెడ్డు వైపు రావడం మానేశాడు. ఆగస్టులో బైకుల జాతరకి ఊరి నిండా మోటార్ సైకిళ్ళు దిగితే వరండాలో కళ్ళు మూసుకు కూర్చుని, చప్పుణ్ణి బట్టి ఏ బండో చెప్పేవాడు కదా, పోయిన ఏడు కిటికీ తెర కూడా తీయలేదు. ఈ ఆగస్టు లోపు ఆయన బండి చప్పుడైనా ఆయనకి వినిపించాలని నా పట్టుదల. అందుకే దాని సైలెన్సర్ కోసేసి ఖాళీ గొట్టం ఉంచాను. స్టార్ట్ చేస్తే పక్కింటి హేజెల్ పిన్ని కప్పులు అలమరలోంచి కింద పడ్డాయి. నాన్న మాత్రం పాన్‌కేకు మీంచి తలెత్తలేదు.

నీ తమ్ముడు,
ఆరిన్

తా.క. గొట్టం మంచి నీలిరంగు తేలింది. జనం వచ్చి చూసి పోతున్నారు.

---

మిల్వాకీ

మా తెలివైన తమ్ముడికి,

ఒరే, ఆ నీలం అందం కాదు, జ్వరం. గొట్టం తెరిస్తే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది. దానికి తగ్గ పెట్రోలు అందేలా కార్బ్యురేటర్లో పెద్ద జెట్ వేశావా? వేయకపోతే ఆ వేడంతా పొగ బయటికి వదిలే వాల్వు మీద పడుతుంది. కాస్త ఆలోచించు. అంత చిన్న ఇనుప ముక్క ఎర్రగా కాలుతూనే సెకనుకి పాతిక సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మూసుకున్న ఆ రెప్పపాటులోనే తను కూర్చునే సీటుకి ఆని ఒళ్ళు చల్లార్చుకుంటుంది. ఇన్నేళ్ళుగా వాల్వులు రుద్దుతున్నా, తలుచుకుంటే నాకింకా ఒళ్ళు జలదరిస్తుంది.

నీ అక్క,
వెర్నా

తా.క. హేజెల్ పిన్నికి కప్పులు కొనివ్వు. ఇనపవి.

---

స్టర్జిస్

అక్కా,

నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు. జెట్ అవసరమే రాలేదు. ఇదివరకు టిక్కుటిక్కుమనే వాల్వులు ఇప్పుడు కిక్కురుమనడం లేదు. గొట్టం మార్చగానే ఇంజను జబ్బు దానంతటదే నయమైంది. ఎత్తెక్కేటప్పుడు మాత్రం కాస్త ఆయాసపడుతోంది. అందుకని గొట్టం ఇంకో జానెడు కోశాను.

నాన్న నిన్న కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. వినబడిందనే నా ఆశ.

ఆరిన్

తా.క. పోలీసాయన జరిమానా రాయడానికి వచ్చాడు. ఆయన మాట నాకూ, నా మాట ఆయనకీ వినబడలేదు. చెయ్యూపి వెళ్ళిపోయాడు.

---

మిల్వాకీ

ఆరిన్,

ముందు ఆ బండి ఆపు. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య కాస్త సందుంటేనే ఆ టిక్కు. వేడికి సీటు అరిగి వాల్వు లోపలికి దిగితే సందూ పోతుంది, చప్పుడూ పోతుంది. ఇక అది పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. నయమైందని నువ్వు సంబరపడేది ఆ జబ్బుకేనేమో. లేదా టిక్కు ఉన్నా నీ గొట్టం మోతలో వినబడటం లేదేమో. ఇక్కణ్ణించి నేనెలా చెప్పను? మంచి చెవి ఉన్నవాళ్ళకి చూపించు.

వెర్నా

తా.క. మన ఊళ్ళో అలాంటి చెవి ఒక్కటే ఉండేది. ఈ మాట రాస్తుంటే ఏడుపొచ్చింది.

---

స్టర్జిస్

అక్కా,

హడావిడిగా రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో.

నీ ఉత్తరం నాన్న నా చేతిలోంచి లాక్కుని చదివాడు. చివరి మాట దగ్గర ఆగి, నేరుగా షెడ్డుకి నడిచాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, నాచేత బండి స్టార్ట్ చేయించి, మొన ఇంజను తల మీద ఆనించి, పిడిని మిగిలిన రెండు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు.

"ఈ అదురులో ఏం తెలుస్తుందిరా? ఆ సైలెన్సర్ తెచ్చి కట్టు," అన్నాడు.

చెత్తలోంచి తెచ్చి పట్టీ వేసి కట్టాను. మళ్ళీ కళ్ళు మూసుకుని పిడి కరిచాడు.

"ముందు వాల్వు బానే ఉంది. వెనకది పలకట్లేదు. విప్పు."

విప్పాం. వెనక వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది.

అక్కా, చెవిలోంచి రాని చప్పుడు ఎముకలోంచి వచ్చింది. ఇంత పని పళ్ళతో అవుతుందని ఆయనకీ ఇన్నాళ్ళూ తోచలేదట. స్క్రూడ్రైవర్ పట్టుకునే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కొత్త వాల్వూ పెద్ద జెట్టూ తీసుకుని నువ్వే రా. ఆగస్టులో వరండాలో కుర్చీ వెయ్యమన్నాడు.

ఆరిన్

తా.క. నాన్న ఆ స్క్రూడ్రైవర్ వదలడం లేదు. ఫ్రిజ్ విన్నాడు, గోడ గడియారం విన్నాడు. తర్వాత నా తల మీద ఆనించి చాలాసేపు విని, "ఇందులో ఏదీ ఆడట్లేదు," అన్నాడు. ఆ పైన నా గుండె మీద పెట్టాడు. అక్కణ్ణించి మాత్రం తీయలేదు.