చుక్క నీరు దూరని మూత

సోమవారం
నా చేత్తో చేసిన చెక్క కయాక్ కారు షెడ్డులో తళతళలాడుతోంది! ఇద్దరు పట్టే సన్నటి పడవ. మిగిలింది ముందొకటి, వెనకొకటి మూతలు బిగించడం. వాటి కింది గదుల్లోకి నీరు దూరకపోతే, బోల్తాపడినా పడవ మునగదు. ఆదివారం పాపతో చెరువులోకి!
మా ఆవిడ షరతు: "లోపల ఒక్క చుక్క కనబడినా పిల్ల గట్టుమీదే ఉంటుంది."
పళ్ళ డాక్టర్ని. సందులు పూడ్చడం నాకు కొత్తా?

మంగళవారం
ముందు మూత పూర్తి. అంచు చుట్టూ రాత్రే పూసి ఆరనిచ్చిన సీలెంటు జిగురు, మీద రబ్బరు పట్టీ. బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. లోపల ఎడారి! బావమరిదికి ఫొటోల మీద ఫొటోలు పంపాను.
"బావా, పడవకి మూత సరే, నీ నోటికెప్పుడు?"
అసూయ.

బుధవారం
వెనక అంచును ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. కాస్త రుద్దాను. భుజం లాగేసింది. కాస్త చాలు.

గురువారం
వాన. తేమలో పని చెయ్యకూడదట. ఎవరన్నారంటే... నేనే.

శుక్రవారం
"నాన్నా, అయిపోయిందా?" అంది పాప.
"అయిపోవచ్చిందమ్మా!"
అసలు పని మొదలే పెట్టలేదు. పరుగున వెళ్ళి సీలెంటు పూసి, తడి మీదే మూత నొక్కేశాను. రాత్రంతా ఆరనిచ్చాకే మూయాలని డబ్బామీద ఉంది. డబ్బాలకేం, ఎన్నైనా చెబుతాయి.

శనివారం
గొట్టంతో నీళ్ళు కొట్టి చూశాం, నేనూ బావమరిదీ. ముందు గది పొడి. వెనక మూత అసలు ఊడిరాదే! చెరోవైపు పట్టి లాగాం. వచ్చింది, అంచు చెక్కతో సహా. లోపల చేపలు పెంచుకోవచ్చు.
"బావా, నీ దగ్గర పళ్ళు పీకించుకున్నవాళ్ళు దేవుళ్ళు!"
మా ఆవిడ వచ్చేలోగా తుడిచేసి, ఎలాగో అతికించేద్దామనుకున్నాను. గుడ్డ కూడా తీశాను. అంతలో గుమ్మంలో పాప. లైఫ్ జాకెట్టు వేసుకుని, బకిల్స్ తప్పుగా పెట్టుకుని నవ్వుతోంది.
గుడ్డ కింద పడేసి మా ఆవిడను పిలిచాను. వంగి చూసింది.
"మీరే పిలిచి చూపించారు కాబట్టి ఈసారికి తిట్లు మాఫీ."

ఆదివారం
చెరువు లేదు. పాప కాసేపు ఏడ్చి, షెడ్డులోనే పడవెక్కి గాలిలో తెడ్డు వేసింది. పక్కన కూర్చుని అంచంతా ఉప్పుకాగితంతో రుద్దాను. ఈసారి నిజంగానే. కొత్త చెక్క అతికించి సీలెంటు పూశాను. మూత జోలికి పోలేదు.
మా ఆవిడ షెడ్డుకు తాళం వేసింది. "రేపటిదాకా అటు వెళ్ళారంటే ఊరుకోను. ఆరనివ్వండి దాన్ని."
కొత్త తీర్మానం: ఓపిక. ఈ క్షణం నుంచే!
కిటికీలోంచి చూస్తే తప్పినట్టు కాదుగా?