అధ్యక్షుల వారి మీసం గురించి

నాగర్‌కర్నూల్‌లోని స్థానిక ప్రసారాల పరిశీలన సంఘం అధ్యక్షుల వారి సముఖమునకు, తెలకపల్లి నివాసి, రైతు అనంతయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కేబుల్ చానెల్‌లో అసభ్య గీతాల నిషేధము – అందులో నా భార్య రుక్కమ్మ బృందం పెండ్లిపాటలు కూడా చేర్చబడుట – పునఃపరిశీలన కోరుట – గురించి.

1. నిషేధమునకు నేను వ్యతిరేకిని కాను. మనుమరాలిని పక్కన పెట్టుకొని టీవీ చూడాలంటే రిమోట్ మీద నుండి వేలు తీయడానికి లేకుండె. బట్టలకు కరువొచ్చినట్టు ఎగిరే ఆ పాటలు ఆపమని ఊళ్లో సంతకాలు తీసుకున్నప్పుడు మా వీధిలో మొదటి సంతకం నాదే. కనుక నన్ను బూతుల పక్షమున జమ కట్టవద్దని ప్రార్థన.

2. నిషేధం వచ్చిన తరువాత కూడా ఆ పాటల్లో సగం వస్తూనే ఉన్నవి. విచారించగా, అవి వేరే భాషలో ఉన్నందున సంఘం వారికి అర్థం కాలేదనియు, అర్థం కానందున అసభ్యత రుజువు కాలేదనియు తెలిసినది. ఆ పాటలో అమ్మాయి చేయుచున్నది చూచుటకు ఏ భాషా రానక్కరలేదని సవినయ మనవి. శుక్రవారం సాయంత్రం వచ్చే మా ఆడవాళ్ల పెండ్లిపాటలు మాత్రం ఆగిపోయినవి. వాటి నేరమల్లా తెలుగులో ఉండుటయే.

3. సదరు పాటల సంగతి తమరు కొత్తవారు గనుక విన్నవించుకుంటున్నాను. మా దిక్కు వియ్యంకుడు భోజనాల బంతిలో కూర్చోగానే పిల్ల తరఫు ఆడవాళ్లు ఆయనను పేరు పెట్టి పాటలో ఆడిపోసుకుంటారు. ఆయన కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే ఇంకొక చరణం కలుపుతారు. నిజానికి పేరు రానివారే అలుగుతారు. ఒక పెండ్లిలో నా తమ్ముడు మహిపాల్ పేరు మరిచిపోతే, వాడు పెరుగు కూడా ముట్టకుండా విస్తరి ముందు నుండి లేచిపోయినాడు.

4. మా పాటల మీద తమ ఆఫీసులో జరిగిన విచారణ నాడు తమరు రుక్కమ్మను పాట వినిపించమన్నారు. ఆమె, "వియ్యంకుడు లేకుంటే ఎవర్ని అనాలె సారూ? ఉత్తగనే పాడరాదు" అన్నది. తమరు ఫైలు మూస్తూ, "నేనే అనుకుని పాడమ్మా" అని సెలవిచ్చినారు. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసినది. బృందంలోని ఏసమ్మ వెంటనే, "నీ పేరేంది సారూ?" అని అడిగినది. తమరు చెప్పినారు.

తరువాత జరిగినది ఆఫీసంతా విన్నదే. తమ మీసం చీపురుపుల్లల కట్ట అనియు, తమ పొట్ట మీద నలుగురికి విస్తళ్లు వేయవచ్చుననియు, తమరు పక్కింటి గోడ దూకబోయి పంచె మేకుకే వదిలి వచ్చినారనియు పాడినారు. తమ పక్కింట్లో ఎవరుంటారో మావాళ్లకు ఎంతమాత్రం తెలియదని ప్రమాణపూర్వకంగా తెలుపుకుంటున్నాను. గుమాస్తాలు నవ్వుటకు మేము బాధ్యులము కాము. మీసం చరణానికి తమరు కూడా నవ్వినారు, తలుపు దగ్గర నిలబడి చూసినాను. గోడ దగ్గరికి వచ్చేసరికి ముఖం ఎర్రబడినది. అది చూసి మావాళ్లు ఆచారం ప్రకారం ఇంకొక చరణం అందుకున్నారు.

5. ఉత్తర్వులో "అవయవ వర్ణన, పరగృహ ప్రవేశము, అధికారిని కించపరచుట" అని కారణాలు చూపినారు. అవయవమనగా మీసమో పొట్టయో తెలుపలేదు.

6. ఇక నా అసలు బాధ. ఆ మీసం పాట కట్టినది నా భార్య అక్క విజయమ్మ. శ్రీరంగాపూర్‌లో ఉంటుంది. ఆమె ఉన్న పెండ్లిలో వియ్యంకులు భయపడుతూనే ముందు వరుసలో కూర్చునేవారు. నిరుడు పక్షవాతం వచ్చి మాట పోయినది, కుడిచేయి పడిపోయినది. ఎన్ని దవాఖానలు తిప్పినా మాట రాలేదు. అయ్యా, ఆమె నవ్వేది శుక్రవారమే. టీవీలో తన పాట రాగానే ఎడమచేత్తో మంచం పట్టె మీద తాళం వేసేది. ఇప్పుడు శుక్రవారం మేము చూడబోతే, టీవీ దిక్కు చూసి, తరువాత మా దిక్కు చూస్తుంది. నేను బయటికి వచ్చి నిలబడుతున్నాను. ఇంటికి వస్తే రుక్కమ్మ, "మొదటి సంతకం నీదే గద, సంబురపడు" అంటున్నది.

కావున దయతో మా పాటలను నిషేధము నుండి తప్పించగలరు. అవసరమైతే పాటలోని గోడ ఎత్తు తగ్గించుటకును, పంచె తిరిగి తెచ్చుకున్నట్టు మార్చుటకును మావాళ్లను ఒప్పించగలవాడను. పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అనంతయ్య

తా.క.: పైది చదివి వినిపించగా రుక్కమ్మ, "నేను చెప్పింది చెప్పినట్టు రాయి" అని పక్కన కూర్చున్నది. రాస్తున్నాను:

"సారూ, మా ఆయన గిట్ల తిప్పి తిప్పి రాస్తే మీకేం సమజైతది. నిన్న బస్సెక్కి మా అక్క కాడికి పోయిన. మీ ఆఫీసుల పాడిందంత పాడిన, మీ పేరు పెట్టే. నవ్వింది సారూ. మూతి ఒక్క దిక్కే లేస్తది, గని మస్తు నవ్వింది. ఎవరీయన అని కండ్లతోనే అడిగింది. కొత్త వియ్యంకుడు, జర కోపమెక్కువ అని చెప్పిన. గప్పటిసంది తలుపు దిక్కే చూస్తుంది, మీరు వస్తరని. ఎప్పుడొస్తరు సారూ?"