ఎర్రబుగ్గ

జనవరి 28, 2019, సోమవారం

జుమాలీ వచ్చాడు. అఫ్ఘాన్ యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకి మా ఊళ్ళో ఒక సంఘం ఉంది, దానికి ఆయనే ప్రెసిడెంటు. తలుపు తట్టే అలవాటు లేదు. సరాసరి వంటింట్లోకి వచ్చి కూర్చుని, గిన్నె మీద గిన్నె టీ తాగి, జామ్ సీసా ఖాళీ చేసి, అప్పుడు విషయానికి వచ్చాడు. అప్పటి సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్ నుంచి వెనక్కొచ్చి ఫిబ్రవరి పదిహేనుకి ముప్పై ఏళ్ళట. ఈసారి క్లబ్బు హాల్లో ఘనంగా చెయ్యాలట. ఊరి నుంచి వెళ్ళిన పదకొండు మంది పేర్లూ మైకులో పిలవాలి. పేరు వినగానే మనిషి 'ఉన్నాను' అని ముందుకొచ్చి వరసలో నిలబడాలి. ఒక్కొక్కరి భుజాల మీదా కొత్త చపాన్ కోటు కప్పుతారు. పేర్లు చదివే పని నాది. మైకు ముందు వణకని గొంతు ఊళ్ళో నాదొక్కటేనట.

పొగిడితే పడిపోతానని ఆయనకి బాగా తెలుసు. సరేనన్నాను.

ఆయన వెళ్ళాక అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే అడిగింది, పదకొండు పేర్లూ నువ్వే చదువుతావా అని. అప్పుడు వెలిగింది నాకు. పదకొండులో ఒకటి మామయ్యది.

జనవరి 29

నాకు బుద్ధి లేదు.

జనవరి 30

కోడలు మామగారి పేరు పలకకూడదు. ఇందులో కొత్తేమీ లేదు, ఊళ్ళో కోడళ్ళందరి బతుకూ అదే. కానీ వాళ్ళ మామల పేర్లు రోజూ కాళ్ళకి అడ్డం పడవు. మా మామయ్యకి పెట్టింది ఆపిల్ పండు పేరు, చివర ఒక 'బెక్' తగిలించారు. పేరే కాదు, పేరులో ఉన్న మాట కూడా నోట రాకూడదు. నేను కాపురానికి వచ్చింది ఆపిల్ తోటలోకి!

అందుకే తొమ్మిదేళ్ళుగా ఆ పండుని 'ఎర్రబుగ్గ' అంటున్నాను. సంతలో కూడా ఎర్రబుగ్గలమ్మా ఎర్రబుగ్గలు అని అరిచే అమ్ముతాను. జనం నవ్వుకుంటూ ఇంకో కిలో ఎక్కువే కొంటారు. నేను చదువు చెప్పే కిండర్‌గార్టెన్‌లో పిల్లల అక్షరాల పుస్తకంలో మొట్టమొదటి బొమ్మ ఆ పండే. అది చూపించి ఎర్రబుగ్గ అనే చెప్తున్నాను. ఇక్కడ ఆపిల్ అని పరాయి మాట రాసుకుంటే తప్పు లేదు. మా మాట మాత్రం ఈ కాగితం మీద కూడా రాయను.

అత్తయ్య అయితే కాపురం మొదలైన నాటి నుంచీ మొగుణ్ణి 'ఇదిగో' అనే పిలుస్తోంది. ఇదిగో అంటే కుక్క కూడా వస్తుంది, ఏం చేస్తాం, ఇద్దరికీ చెరో ముక్కా వేస్తాను అంటుంది.

నువ్వు బెంగ పెట్టుకోకు, ఆయన ఎలాగూ రాడు అని కూడా అంది. నిజమే. ఈ ముప్పై ఏళ్ళలో మామయ్య ఆ సభకి ఒక్కసారీ వెళ్ళలేదు. ఆరోజు పొద్దున్నే తోటలోకి పోయి కొమ్మలు కత్తిరిస్తారు. ఎందుకో నేను అడగలేదు. కోడలు అడగదు.

ఫిబ్రవరి 3, ఆదివారం

బత్మా అవ్వకి ఆపిల్స్ తీసుకెళ్ళాను. గడ్డిలో దాచినవాటిలో మచ్చ లేనివి మామయ్యే ఏరి ఇచ్చారు.

అవ్వ కొడుకు సాగిన్, మామయ్య ఒకే రోజు ఒకే లారీ ఎక్కి సైన్యంలోకి వెళ్ళారు. మామయ్య తిరిగొచ్చారు. సాగిన్ జింకు శవపెట్టెలో వచ్చాడు. అప్పటి నుంచి మంచు పడకముందే అవ్వ కొట్లో బొగ్గు నిండుతుంది, కప్పు కారితే ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని వస్తారు. సంఘం వాళ్ళు వంతులు వేసుకున్నారు. మామయ్య మాత్రం వంతుతో పని లేకుండా వెళ్తారు. కట్టెలు కొడతారు, కంచె కడతారు. లోపలికి రారా టీ తాగు అని అవ్వ పిలిస్తే ఆవుకి మేత వెయ్యాలనో, పొయ్యి మీద పాలున్నాయనో ఏదో సాకు చెప్పి వచ్చేస్తారు. ఆయన జన్మలో పాలు కాచింది లేదు.

ఇవాళ అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ మామని ఈసారి రమ్మనవే. ఏటా నా బిడ్డ పేరు పిలుస్తారు. అందరూ తలలు దించుకుంటారు. వాడి పక్కన నిలబడాల్సినవాడు మాత్రం రాడు. ఎన్నాళ్ళని ఒంటరిగా నిలబెడతారు నా బిడ్డని? నాకా ఎనభై దాటాయి. ఒక్కసారి చూసి పోతాను."

సాయంత్రం మామయ్యకి చెప్పాను. టీ గిన్నె పక్కన పెట్టారు. ఆయన నాతో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు, అందుకే ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"వరసలో సాగిన్ తర్వాత పేరు నాదేనమ్మా. వాడి పేరు పిలిచాక హాల్లో చీమ చిటుక్కుమనదు. ఆ వెంటనే నేను 'ఉన్నాను' అనాలి. కన్నతల్లి ఎదురుగా కూర్చుని వింటుంటే ఏ నోటితో అనను?"

అవ్వ బాధపడుతుందని ఈయన వెళ్ళలేదు. ఈయన వెళ్ళలేదని అవ్వ బాధపడింది. మామయ్య లేచి మంచు ఊడ్చడానికి వెళ్ళారు. వాకిట్లో ఊడ్చేంత మంచేమీ లేదు.

ఫిబ్రవరి 4

గోడ మేకు మీది తెల్ల కల్పక్ టోపీ కిందికి దిగింది. మామయ్యే దులుపుకుంటున్నారు.

ఫిబ్రవరి 9

వస్తానన్నారు! సంతోషించాను. ఆ వెంటనే గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆయన వస్తే ఆ పేరు పిలవాలి.

చదివితే ఇంటి పరువు పోతుంది, చదవకపోతే ముప్పై ఏళ్ళకి వచ్చిన మనిషి పేరు లేకుండా నిలబడతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఇంటిపేరుతో పిలిచి తప్పించుకుందామంటే అది వాళ్ళ తాతగారి పేరు, అదీ పలకకూడదు. మామయ్య గారూ అని మైకులో పిలిస్తే హాల్లో సగం మంది మామలు లేస్తారని మా ఆయన తలాంత్ అన్నాడు. వేళాకోళానికి తక్కువ లేదు.

చివరికి ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఆ ఒక్క పేరూ తను వచ్చి చదువుతాడట. కొడుకు కాబట్టి తప్పు లేదు. జుమాలీ ఒప్పుకున్నాడు. అత్తయ్య కూడా ఒప్పుకుని, ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా అని నన్నే తిట్టింది. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 12

తలాంత్ పశువుల కొట్టంలో రిహార్సల్ చేస్తున్నాడు. ఇప్పుడు ఆ పేరు మా ఆవుకి కూడా వచ్చేసి ఉంటుంది. రానిది నాకొక్కదానికే.

ఫిబ్రవరి 14

ఇల్లంతా నూనె వాసన. అత్తయ్యా నేనూ రేపటికి బస్తాడు బోర్సోక్ పిండి ముక్కలు వేయించాం. ఎంత వేసినా జుమాలీ ఒక్కడే తినేస్తాడని అత్తయ్య గొణుగుతూనే ఇంకో వాయి వేసింది. మామయ్య పతకాలు గుడ్డతో తుడిచి, పెట్టుకోవాలా వద్దా అని కుక్కని అడిగారు. మమ్మల్ని అడగడానికి మొహమాటం. పెట్టుకోండి ఇదిగో అని అత్తయ్య లోపల్నుంచి కేకేసింది. బయట మంచు మొదలైంది.

ఫిబ్రవరి 15, ఉదయం

తలాంత్ తెల్లవారుజామున తన మినీబస్సు తీసుకుని కరకోల్ పట్నం వెళ్ళాడు, ఒక్క ట్రిప్పు వేసి సభ వేళకి వచ్చేస్తానని. మంచు ఆగలేదు. ఇప్పుడే ఫోన్ చేశాడు. కనుమ దగ్గర ట్రక్కు అడ్డం తిరిగిందట, ముందు బళ్ళు, వెనక బళ్ళు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నాడు. ఏదో ఒకటి అంటే ఏమిటి?

అదే రోజు, సాయంత్రం

నవ్వాలో ఏడవాలో ఇంకా తేలలేదు. రాస్తే తేలుతుందేమో.

హాలు కిటకిటలాడింది. మగవాళ్ళంతా ఒక పక్క, కోట్ల మీద పతకాలు. మామయ్య అందరికంటే చివర, గోడకి ఆనుకుని. ఆయన్ని అక్కడ చూసి ముసలాళ్ళు లేచి వచ్చి చేతులు పట్టుకున్నారు. బత్మా అవ్వ ముందు వరసలో తెల్ల తలగుడ్డ చుట్టుకుని కూర్చుంది. వెనక వరసలో ఆడవాళ్ళు నా వైపే చూస్తున్నారు. తలాంత్ రాలేదన్న సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. జుమాలీకి కాగితం ఇద్దామంటే ఆయన పేరు పిలవకముందే వరసలోకి వెళ్ళి స్తంభంలా నిలబడ్డాడు, కన్ను కూడా కదపడం లేదు.

పిలవడం మొదలుపెట్టాను. ఉన్నాను, ఉన్నాను. భుజాల మీద కోట్లు పడుతున్నాయి. గొంతు బాగానే ఉంది. తర్వాత సాగిన్ పేరు పిలిచాను.

ఎవరూ పలకలేదు. ఎవరు పలుకుతారు? వరసలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. అందరూ తలలు దించుకున్నారు. అవ్వ మాత్రం ఆ ఖాళీ చోటు వైపే చూస్తోంది. మామయ్య వైపు చూశాను. మొహం పాలిపోయి ఉంది. ద్వారం వైపు ఒక అడుగు వేశారు. ఇప్పుడు పిలవకపోతే వెళ్ళిపోతారు, ఇక ఎప్పటికీ రారు. అది నాకు తెలిసిపోయింది. పరువు గిరువు ఏమైనా కానీ అనుకుని కళ్ళు మూసుకుని మైకులో గట్టిగా పిలిచాను.

"ఎర్రబుగ్గబెక్!"

దేవుడా. తొమ్మిదేళ్ళ అలవాటు. పేరే చెప్దామనుకున్నాను, నిజంగా చెప్దామనే అనుకున్నాను. నాలుక వినలేదు.

మొదట నవ్వింది ఎవరనుకున్నావు? బత్మా అవ్వ! కుర్చీలో ఊగిపోతూ, కళ్ళు తుడుచుకుంటూ, చేతికర్ర నేలకి కొడుతూ నవ్వింది. ఫిబ్రవరి పదిహేనున ఆవిడ నవ్వగా ఇంతవరకూ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆవిడ నవ్వితే ఇంకెవరు ఆగుతారు? హాలంతా పగలబడి నవ్వింది. స్తంభంలా నిలబడ్డ జుమాలీ కూడా వంగిపోయాడు. మామయ్య ద్వారం దగ్గర ఆగిపోయి, ఎర్రబడిపోయారు. నేను పెట్టిన పేరుకి సరిగ్గా సరిపోయారు.

అప్పుడు అవ్వ కర్ర ఊతంతో లేచింది. మైకు అక్కర్లేకపోయింది. పొద్దుగూకాక పిల్లల్ని ఆట మాని ఇంటికి రమ్మని పిలిచే గొంతుతో, అసలు పేరుతో పిలిచింది. ఆ మాట అవ్వది, నాది కాదు కాబట్టి రాస్తున్నాను.

"ఆల్మాబెక్! ఎక్కడున్నావురా?"

"ఉన్నానమ్మా," అన్నారు మామయ్య.

"ఉంటే అక్కడేం పని? వచ్చి మావాడి పక్కన నిలబడు."

వచ్చి నిలబడ్డారు. ఆయన భయపడ్డ నిశ్శబ్దం లేదు, ఇంకా జనం నవ్వుతూనే ఉన్నారు. కోటు కప్పుతుంటే ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో నాకు కనపడలేదు, నా కళ్ళూ అలాగే ఉన్నాయి.

సభ అయ్యాక అవ్వని ఇంటికి దింపడానికి మామయ్యే వెళ్ళారు. చాలాసేపటికి గానీ రాలేదు. లోపల కూర్చుని టీ తాగారట. ఇవాళ సాకు ఏదీ దొరకలేదట.

తలాంత్ అంతా అయిపోయాక వచ్చాడు. ఆ పేరు తన నోట్లోనే మిగిలిపోయిందని ఒకటే గోల. అత్తయ్య బోర్సోక్ పెట్టి నోరు మూయించింది. రేపు ఊళ్ళో మొహం ఎలా చూపించాలో తెలియదు. అయినా మనసు నిండుగా ఉంది.

ఫిబ్రవరి 16

పొద్దున టీ దగ్గర మామయ్య కోటు జేబులోంచి ఒక ఆపిల్ తీసి నా ముందు పెట్టారు. మచ్చ లేనిది.

"దీన్నేమంటారమ్మా?" అని అడిగారు.

అత్తయ్య చేతిలో గరిట ఆగిపోయింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. అడిగింది పెద్దాయనే కదా. చెప్పాను. మెల్లిగా, ఒక్కసారి. ఆయన తలూపి, చాకుతో పండుని నాలుగు చెక్కలు చేసి, మొదటి చెక్క నాకిచ్చారు.

ఫిబ్రవరి 18, సోమవారం

మొదటి అక్షరం, మొదటి బొమ్మ. ఆల్మా అన్నాను. క్లాసంతా నోటి మీద చెయ్యి వేసుకుంది. ష్, తప్పు టీచర్, మీరు అనకూడదు అన్నారు పిల్లలు. ఇంకోసారి అన్నాను.