రెండు వైపులా ఒకటే గుడ్డ

నా చిట్టితల్లికి నాన్న కోటి దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఈ మాట ఇవాళే గుండె నిండా రాయగలుగుతున్నాను తల్లీ! మీ అమ్మ గండం గట్టెక్కింది. ఆ సంబరంలో వార్డులో నర్సమ్మకు దండాల మీద దండాలు పెట్టేశాను. "చాల్లే పెద్దాయనా, చేతులు అరుగుతాయి" అని నవ్వింది.

అమ్మ ఫోనులో ఎందుకు ముక్తసరిగా మాట్లాడుతోంది, నీ మీద అలిగిందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. అలకేం కాదమ్మా. ఆమె రొమ్ముకు ఆపరేషన్ అయింది. కంగారుపడకుండా చివరిదాకా చదువు.

కూతురికి తండ్రి రాసే మాటలు కావివి. కానీ సిగ్గుపడే ఇంతదాకా తెచ్చుకున్నాం, అందుకే రాసేస్తున్నాను. ఎండాకాలంలో ఒకవైపు చనుమొన దురద పెడుతోందంది. ఎర్రబడి పొట్టు లేచింది. "కుట్టు ఒరుసుకుని ఉంటుందిలే" అన్నాను. ఇన్నేళ్ళు మిషను తొక్కినవాణ్ణి, నాకు తెలియని కుట్టా! ఆమె లోపలి బాడీల కుట్లన్నీ విప్పి మెత్తటి గుడ్డతో మళ్ళీ కుట్టాను. సబ్బు మార్చాం. మందుల షాపు నుంచి పూతమందు తెచ్చాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చేది. నేనేమో కుట్లు విప్పడం, కుట్టడం. చలికాలంలో రసి కారి, మొన లోపలికి లాక్కుపోయాక ఆసుపత్రికి కదిలాను.

"గుడ్డ ఒరుపైతే చాలావరకు రెండువైపులా ఉంటుంది తాతగారూ. మీరు రెండువైపులా ఒకటే గుడ్డ వేస్తారు కదా?" అంది డాక్టరమ్మ. ఒకవైపే వచ్చి, ఒకటి రెండు వారాల్లో మానకపోతే అప్పుడే చూపించాలట. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది. లోపలికి పాకలేదని నిన్న రిపోర్టు వచ్చింది.

ఒక్క మాట దాచాను తల్లీ. మధ్యలో అమ్మ నిన్నే అడుగుదామని ఫోను తీసింది. "పిల్లని బెదరగొడతావా? గుడ్డ సంగతి దానికేం తెలుసు?" అని చేతిలోంచి లాక్కున్నాను.

నిన్న ఆమె మంచం పక్కన కూర్చుని "నన్ను తిట్టవే, మనసు తేలికవుతుంది" అన్నాను. "ఎందుకు తిట్టడం? మీకు తెలుసు కదా అని నేనే ఊరుకున్నాను" అంది. ఆ నమ్మకమే ఆమెను మింగేసేది.

నీకెప్పుడైనా ఇలాంటిది కనిపిస్తే తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేను ఏం కాదని చెప్పినా సరే, వినకు.

ఇట్లు,
మీ అమ్మ నిద్ర లేచేదాకా పక్కనే కూర్చున్న
నాన్న