కుళాయి బాగుచేసే ఆయన ఫోన్ చేస్తాడు

అమ్మడూ,

వంటింట్లో కుళాయి మళ్లీ కారుతోంది. బాగుచేసే ఆయన పొద్దున్నే ఫోన్ చేస్తాడు. నేను డ్యూటీలో ఉంటాను కాబట్టి నువ్వే మాట్లాడాలి. సాయంత్రం రమ్మని చెప్పు. నత్తి వస్తే రానీ. "మా అమ్మాయి నిదానంగా చెప్తుంది, మధ్యలో అందుకోకండి" అని ఆయనకి ముందే చెప్పాను.

నిన్న బస్సులో నువ్వు మన స్టాపు పేరు దగ్గర ఆగిపోతే నేను అందించబోయాను. మోచేత్తో ఒక్క పోటు పొడిచి, ఆ పేరేదో నువ్వే పూర్తిచేశావు. డొక్కలో ఇంకా నొప్పిగానే ఉంది. అయినా ఎంత ముద్దొచ్చావో!

అన్నం చల్లారకముందే తినెయ్.

అమ్మ

ఇంకో మాట. ఫోన్ ఎత్తబుద్ధి కాకపోతే ఇవాళ్టికి వదిలెయ్. కొంపేం మునగదు. కుళాయి కింద పెద్ద బకెట్ పెట్టే వెళ్తున్నాను.