నొక్కితే అవును

18 జూన్ 2024

వకీలు మల్లికార్జున్ గారి దగ్గరికి వెళ్లి వచ్చాను. కోర్టు పక్క సందు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా ఆయనకు స్ట్రోక్ వచ్చి ఎనిమిది నెలలైందని, మాట లేదని, సంతకం పెట్టలేరని చెప్పాను. వర్ని దగ్గరి రెండెకరాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. అవి అమ్మితే తప్ప నర్సు, ఫిజియోథెరపీ సాగవు. వకీలు ఫైలు తిరగేసి, భార్యవైతే ఏంది చెల్లె, చట్టంల భార్య భార్యనే, గార్డియన్ గాదు అన్నారు. చిన్నపిల్లలకైతే ఇక్కడి కోర్టే గార్డియన్‌ను పెడుతుందట. ఇట్లా పడిపోయిన పెద్దమనిషికి హైకోర్టులో రిట్ వేయాలట.

ఇరవై ఎనిమిదేళ్లు వండి పెట్టాను. ఆయనకు నేనేమవుతానో ఇప్పుడు హైదరాబాద్ చెప్పాలి.

21 జూన్

అఫిడవిట్ చదివి వినిపించారు. ఐదో పేరాలో, తన చుట్టూ ఏం జరుగుతున్నదో ఆయనకు తెలియదు అని ఉంది. తెలుస్తది సార్, అడిగితే వేలు నొక్కుతడు అన్నాను. వకీలు పెన్ను టేబుల్ మీద పెట్టి, తెలిస్తే ఆయననే రమ్మను, సంతకం పెట్టి పోతడు అన్నారు. గొంతు తగ్గించి, తెలుస్తదని రాస్తే కేసు నిలవడది చెల్లె అన్నారు. మా అమ్మాయి శిరీష తనకు అభ్యంతరం లేదని అప్పటికే రాసిచ్చింది.

సంతకం చేశాను.

24 జూన్

ఆ ఐదో పేరా మనసులో మెదులుతూనే ఉంది. నా దగ్గర ఇంకో పుస్తకం ఉంది, లాంగ్ నోట్‌బుక్, ఆయన మంచం పక్క అల్మారాలో. టైము, ఏ వైపు తిప్పాను, ట్యూబులో ఎంత పోశాను, మూత్రం ఎంత, జ్వరం. ఆఖరి గడి మార్చిలో కలిపాను: ఏం అడిగాను. నా వేలు ఆయన అరచేతిలో పెట్టి అడుగుతాను. అవునైతే నొక్కుతారు. పక్కనున్న మనిషికి కూడా కనబడదు, వేలికే తెలుస్తుంది. కాదంటే ఊరుకుంటారు. అవునుకు టిక్కు, కాదుకు అడ్డగీత.

ఏప్రిల్‌లో ఒకరోజు గడ్డం తీయించనా అంటే ఊరుకున్నారు. అయినా మంగలిని పిలిచాను. పని అయ్యేదాకా కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి గీత పడితే ఆ పని చేయను.

3 జూలై

ఆయన చెల్లెలు సవిత బోధన్ నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. నేను బజారుకు పోయినప్పుడు రాయడానికి టిక్కు, గీత తనకూ నేర్పాను. పాల లెక్క రాసినట్టు మా అన్నను గూడ రాస్తున్నవు వదినె అని నవ్వింది. భూమి అమ్మే మాట చెప్పగానే నవ్వు పోయింది. బాపు చెరుకు పెట్టిన మడి, నా పానం ఉండంగ అమ్మను అన్నడు గద అన్న, నీకు యాదికి లేదా అంది.

యాదికి ఉంది. షుగర్ ఫ్యాక్టరీ మూతపడి ఆయన జీతం ఆగినప్పుడు నా పుస్తెలతాడు కుదువ పెట్టాం. ఆ మడి జోలికి పోలేదు.

ఒకసారి అన్నను అడుగు వదినె, అంది. అడుగుతానన్నాను.

11 ఆగస్టు

అడగలేదు.

29 ఆగస్టు

హైకోర్టు మెడికల్ బోర్డు వేసింది. పన్నెండో తారీఖున ముగ్గురు డాక్టర్లు ఇంటికి వస్తారు. నా పుస్తకం సంగతి చెబితే, అది బయట పెట్టకు చెల్లె, చూస్తే ఇంకో పరీక్ష, ఇంకో ఆరు నెలలు అన్నారు వకీలు. వీపు మీద పుండు రూపాయి బిళ్లంత అయింది. ఆరు నెలలు ఆయనకు లేవు.

12 సెప్టెంబర్, సాయంత్రం

పదకొండున్నరకు వచ్చారు. సవిత పొద్దుటి బస్సుకే వచ్చింది, చెప్పులు బయట విడువుండ్రి అని డాక్టర్లకు తనే చెప్పింది. కళ్లలో టార్చి వేశారు. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దారు. పేరు పెట్టి పిలిచారు, భూమేష్ గారూ, భూమేష్ గారూ అని. ఏమీ లేదు. పెద్ద డాక్టరు రాసుకుంటున్నారు.

సవిత అల్మారా తీసి పుస్తకం ఆ డాక్టరు చేతిలో పెట్టింది. మా అన్నకు అన్ని తెలుస్తయి సార్, మా వదినె ఒక్క పూట గూడ తప్పకుండ రాస్తది, చూడుండ్రి అంది. నన్ను మెచ్చుకోవడానికే.

డాక్టరు తన వేలు పెట్టి అడిగారు. నొక్కలేదు. కొత్త చెయ్యి సార్, వదినెది ఉండాలె అంది సవిత. నా వేలు పెట్టాను. ఈమె మీ భార్యనా అని అడిగారు. నొక్కారు. నొక్కారని చెప్పాను. డాక్టరు వంగి చూసి, నాకేం కనిపిస్తలేదమ్మా అన్నారు. సరే, ఇంకోటి అడుగుదాం అని, మీ భూమి, బ్యాంకు మీ భార్యకు అప్పజెప్పమంటరా, అవసరం పడితే అమ్మొచ్చా అన్నారు.

నేను రెండు నెలలుగా అడగనిది. గోడ గడియారం చూశాను. ఒక నిమిషం. డాక్టరు మళ్లీ అడిగారు. ఇంకో నిమిషం. ఆయన అరచెయ్యి వెచ్చగా ఉంది, కదలలేదు.

నొక్కిండా అమ్మా అని అడిగారు. లేదు సార్ అన్నాను. అది నిజం.

తర్వాత పుస్తకంలో పేజీలు తిప్పుతూ, ఈ అడ్డగీతలు ఏందమ్మా, మస్తున్నయి అన్నారు.

ఏం జవాబు లేదని సార్, అన్నాను.

డాక్టరు తల ఊపి రాసుకున్నారు. సవిత నా ముఖంలోకి చూసింది. డాక్టర్లు పోయాక అన్నం పెడతానంటే వద్దంది. నువ్వు లెక్క తప్పవనుకున్న వదినె, అని చెప్పులు వేసుకుంది.

13 సెప్టెంబర్

అడిగిన గడి ఖాళీ. తిప్పడం, పోయడం, మూత్రం రాశాను.

20 నవంబర్

ఆర్డర్ వచ్చింది. వకీలు ఫోనులో చదివారు. నిలకడైన స్పందన లేదని బోర్డు రాసిందట. ఆయన శరీరానికి, ఆస్తికి నేను గార్డియన్‌ను. వైద్యం కోసం భూమి అమ్మవచ్చు. ఆరు నెలలకోసారి కోర్టుకు లెక్క చూపించాలి. నీకేం కష్టం చెల్లె, నీకు అలవాటే గద అన్నారు.

సవితకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

21 నవంబర్

వీపు నొప్పి పెడుతున్నదా అని అడిగాను. నొక్కారు. ఇటు తిప్పనా అంటే, నొక్కారు.

సోమవారం భూమి కొలతకు వస్తున్నారని చెప్పాను. చెప్పేముందు నా వేలు తీసేసుకున్నాను.