సూది ముట్టని అతుకు

1980 జనవరి 27, ఆదివారం. నంద్యాల

అత్త మళ్లా సూదుల డబ్బా దాచిపెట్టింది. కత్తెర కూడా. వచ్చే నెల పదారున సూర్యగ్రహణమని రేడియోలో చెప్పినప్పటి నుంచి మా మణెమ్మత్తకు కంటి మీద కునుకు లేదు. చర్చిలో అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పేది ఈమే. ఇంటికొస్తే మాత్రం గ్రహణం, మొర్రి, సూది. పాస్టర్ గారు ఇవన్నీ నమ్మొద్దన్నారు కదత్తా అంటే, పాస్టరేమన్నా కడుపుతో ఉండాడా అనింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకో గంట తిట్టింది.

ఫిబ్రవరి 3, ఆదివారం

మొదటి పాప సంగతి ఎప్పుడూ రాయలేదు. ఈ పొద్దు రాస్తాండా.

గ్రహణం మొర్రితో పుట్టింది. పైపెదవి ముక్కు దాకా చీలిపోయి ఉండె. పాలు తాగలేకపాయ. అత్తే ఒళ్లో పెట్టుకొని దూదితో చుక్క చుక్క పోసింది. అయినా దక్కలేదు. చంద్రగ్రహణం నాడు నేను సూది పట్టినానని అత్త ఈదంతా చెప్పింది. పట్టలేదు. ఆ పొద్దు జ్వరమొచ్చి పండుకొని ఉండా. ఎవరు వింటారు?

ఆళ్లగడ్డ స్కూల్లో నేను సైన్స్ టీచర్ని. గ్రహణమంటే ఉత్త నీడ అని బోర్డు మీద బొమ్మేసి చెప్పినదాన్ని. ఇప్పుడు ఎనిమిదో నెల. భయమైతాంది. సిగ్గుగా కూడా ఉంది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఖర్మ. సోమవారం మా ఆయన ఏలీయాకు సున్నిపెంటలో ఇంటర్వ్యూ. ఉద్యోగమొస్తే క్వార్టర్స్ ఇస్తారంట. రెండు గదులు, కొళాయి, అత్త లేని ఇల్లు. ఉన్నది ఒకే మంచి అంగీ, తెల్ల టెర్లిన్‌ది. సర్టిఫికెట్ మీద సంతకం కోసం దాన్నే తొడుక్కొని బనగానపల్లెకు పోయినాడు. బస్సులో ఎవరి బీడీ నిప్పో పడి జేబు కింద చిల్లి. వేలు దూరేంత.

రేపు గ్రహణమని టైలర్ అంగడి తెరవడు. ఎల్లుండి పొద్దున్నే బస్సు. అత్త డబ్బా తీయనంటే తీయనంది. గ్రహణం పోయేదాకా ఎవరూ ఈ ఇంట్లో కుట్టకూడదంట. ఏలీయా ఆమె కొడుకే కదా, ఒక్క మాట అడగొచ్చు కదా. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు.

హాస్టల్లో ఉండగా మేం సూది లేకుండా అతికేవాళ్లం. చిల్లి కింద పాలిథిన్ కవరు ముక్క, దాని కింద గుడ్డ ముక్క, పైన పేపరు పరిచి, బాగా కాలిన ఇస్త్రీపెట్టెతో అదమాల. కవరు కరిగి గుడ్డను పట్టుకుంటుంది. గుడ్డ ముక్క అంగీ అంచులోంచి ఆయనే షేవింగ్ బ్లేడుతో కోసిచ్చినాడు. బొగ్గులు లేవు. రేపు చూడాల.

ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం ఒకటిన్నర

అత్తే యాడనుంచో బొగ్గులు తెచ్చింది. ఇస్త్రీపెట్టె కత్తీ కాదు సూదీ కాదు, లోపల కూర్చొని చేసుకో అనింది. పెట్టె నిండా నిప్పులు పోసి, ఆరిపోతే పనికొస్తుందని నిప్పుల కుంపటి కూడా లోపల పెట్టింది. కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు కింద సందులో బొంత కుక్కింది, సూర్యుడి కిరణం ఒక్కటి కూడా రాకూడదని. గ్రహణం విడిచేదాకా తలుపు తీయొద్దని నా చేత బైబిలు మీద ప్రమాణం చేయించింది. గ్రహణానికి బైబిలు! బల్బు వేసుకొని రాస్తాండా.

మూడు గంటలు

అతుకు బ్రహ్మాండంగా కూర్చుంది. వెతికితే గానీ కనపడదు. ఆయనకు చూపించాలని ఆత్రంగా ఉంది.

తలనొప్పి. ఉక్క. బిడ్డ పొద్దున బాగా తన్నింది, ఇప్పుడు నిద్రపోయినట్లుంది.

మూడున్నర దాటింది

వాంతి వస్తాంది. తలుపు తీయాలని గడియ మీద చెయ్యి పెట్టినా. పాప పెదవి గుర్తొచ్చింది. వచ్చి కూర్చున్నా. ఇంకొంచెం సేపే కదా.

ఫిబ్రవరి 20, బుధవారం. ఆసుపత్రి

గ్రహణం విడిచినాక తలుపు కొడితే పలకలేదంట. పగలగొట్టినారంట. ఆదివారం కాన్పయింది. మగబిడ్డ. లోపలే పోయినాడు.

మూసిన గదిలో బొగ్గుల గ్యాస్ అని డాక్టరమ్మ చెప్పింది. నాకు చెప్తాంది. కార్బన్ మోనాక్సైడ్ పాఠం ప్రతి ఏడూ చెప్పినా. రంగు లేదు, వాసన లేదు, మూసిన గదిలో నిప్పులు పెట్టుకోకూడదు. పిల్లోళ్ల చేత చూడకుండా అప్పజెప్పించినా.

ఆయన ఇంటర్వ్యూకు పోలేదు. ఆ అంగీ తొడుక్కొనే బిడ్డను బొందల గడ్డకు ఎత్తుకపోయినాడు.

పోకముందు అత్త గుడ్డ తీసి మొహం చూపించింది. పెదవి చూడు, ఎంత బాగుందో, ఒక్క గీత కూడా లేదు అనింది. అని నా పక్కనే కూలబడి ఏడ్చింది. బాగుంది నిజమే. ఆయన పెదవే.

మార్చి 9, ఆదివారం. నంద్యాల

అత్త సూదుల డబ్బా తెచ్చి నా ముందర పెట్టింది.

అంగీ ఉతికినా. బండకేసి బాదినా. అతుకు ఊడలేదు.